గోదావరీ మండలము – కందనవోలు మండలము: జీవనస్థితి తారతమ్యము

ధాతు సంవత్సరపుఁ గఱవునాఁట (1876-78) గోదావరీ డెల్టాకును గందనవోలు మండలమునకును గానవచ్చిన యంతరమును బలువురు భూసారభేదముగాఁ దలఁతురు. అది సరికాదు. రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాఁటికి 5 లక్షల 61 వేలకు దిగజాఱెను. నడుమ 1832-33లో నందన కఱవు వచ్చినది. సారవంతమగు నొండ్రునేల యుండియుఁ బ్రజలు మడిసిరి, వలసపోయిరి. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపుటానకట్ట యీ స్థితిని మార్చినది.

అట్లని యానకట్టయే చాలుననరాదు. కందనవోలు మండలమునకును దుంగభద్రపై సుంకేసుల యానకట్ట యుండెను. కడప వఱకుఁ గాలువయుఁ ద్రవ్వఁబడెను. అయినను నల్లరేగడిలో జొన్నయుఁ బ్రత్తియుఁ బండించు రైతులు వానలు సరిగాఁ గురిసిన యేండ్ల నా నీటిని గోరలేదు. నీటితీరువయు వారికి భారమే. దీనిని మౌఢ్యమనుట యన్యాయము: రేగడికి నిత్యజలము హితము కాదని కాఁపు ఎఱుఁగును. నష్టపడిన కంపెనీనుండి 1882లో దొరతనమువారే కాలువను గైకొనవలసివచ్చెను.

కావున ధాతు కఱవు వచ్చునప్పటికి మండలమునఁ బెక్కుభాగము వానకే కట్టువడి యుండెను. 1871-81 నడుమ జనసంఖ్య సుమారు నాలుగవవంతు తఱిఁగినది. ఇందు వలసలును జేరియున్నవి. డెల్టా రైతు మాత్రము మిగులు ధాన్యమును హెచ్చుధరకు నమ్ముకొనఁగలిగెను. భూమిలేని కూలివానికి ఆ ధర యచ్చటను భారమే.