రెండు పంపులుంటే ధైర్యమేనా?

పాత ఇంగ్లీషు కార్లలో పెట్రోలు తోడేది ఎస్‌యూ కరెంటు పంపు. దాని పాయింట్లు అరిగి మొరాయిస్తే, దిగి స్పానరుతో ఒక్కటిచ్చుకుంటే మళ్ళీ టిక్‌టిక్‌మనేది (మన పాత టీవీలకిచ్చినట్టే!). దొరల బండికి అది బాగోదు కదా, 1955 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్‌లో ఒకే బాడీలో రెండు పంపులు పెట్టారు. ఒకటి పోయినా రెండోది ఇల్లు చేరుస్తుంది.

టర్బోల కాలానికి లెక్క మారిపోయింది. 1993లో టొయోటా సుప్రా టర్బో అమెరికాలో 320 హార్స్‌పవర్‌తో వచ్చింది, ట్యాంకులో ఒకటే పంపు. దాన్ని 800 దాకా లాగుదామనుకున్నవాళ్ళు గంటకి 255 లీటర్ల వాల్బ్రో పంపులు రెండు పక్కపక్కన బిగించేవారు. ఇక్కడ రెండోది స్పేరు కాదు, సగం బరువు దానిదే. ఫుల్ బూస్టులో ఒకటి ఆగితే బండి మర్యాదగా ఆగదు. గాలికి తగ్గ పెట్రోలు అందక పిస్టన్లు కరుగుతాయి. నన్నడిగితే, సరిపోయేంత పెద్ద పంపు దొరికితే ఒక్కటే నయం.

ఈ తేడా నాకు ముందే తెలిసుంటే బాగుండేది. మా పాత ఆఫీసులో రెండు సర్వర్లు చెరో 70 శాతం లోడుతో నడుస్తుంటే "రెడండెన్సీ ఉందిగా" అని ఓకే చేసింది నేనే. ఓ శనివారం రాత్రి ఒకటి పోయింది. రెండోది 4 నిమిషాలు కూడా తట్టుకోలేదు.