కొడవలి రక్తము

1897వ సంవత్సరమున సికిందరాబాదులో రోనాల్డు రాసుగారు దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుగొనిన సంగతి మన చదువరు లెఱిగినదే. అయినను ఒకే పల్లెలో నొక బిడ్డ నాలుగునాళ్ల జ్వరమునకే ప్రాణము విడువ, ప్రక్కయింటి బిడ్డ తేఱుకొనుట యేల? ఈ ప్రశ్నకు సమాధానము కొంత దోమలో గాక బిడ్డ నెత్తుటిలోనే దొరకెను. ఆ చరిత్రము నిచట జెప్పదలచితిమి.

1910లో చికాగో వైద్యులు హెరిక్కుగారు ఒక రోగి రక్తకణములు కొడవలివలె వంగియుండుట ప్రకటించిరి. ఆ రోగి కరిబియను దీవులనుండి చదువునకై వచ్చిన నల్లజాతి విద్యార్థి. ఇక నేమి! అది నల్లవారి రోగమని అమెరికాలో పలువురు ముద్రవేసిరి. ఈ గుణము తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిన బిడ్డకు రోగము. ఒక్కరినుండియే వచ్చినచో సాధారణముగా బాధ యుండదు.

రోగులైన పిల్లలు పెక్కండ్రు పెండ్లియీడు రాకమున్నే చనిపోవుచుండగా నీ గుణ మేల నశింపకుండెను? 1949లో ఆంథొనీ ఆలిసనుగారు కెన్యాలో రక్తము పరీక్షింప, సముద్రతీరమునను విక్టోరియా సరస్సు చెంతను నూటికి ఇరువదిమందికి పైగా నీ గుణము గలవారు కానవచ్చిరి; దోమ లరుదగు ఎత్తైన సీమలలో నూటి కొక్కరైనను లేరు. పిమ్మట ఉగాండాలో 290 మంది బిడ్డలను పరీక్షించి, 1954లో ఫలితము ప్రకటించిరి: కొడవలి గుణము గల 43 గురిలో 12 గురికే మలేరియా క్రిములుండెను, గుణములేని 247 గురిలో 113 గురి కుండెను. పెద్దవారికి గోరి మలేరియా నెక్కించియు జూచిరి; గుణములేని 15 గురిలో 14 గురికి, గుణముగల 15 గురిలో ఇద్దఱికే యది సోకెను. ఈ పద్ధతిని మేము మెచ్చజాలము. తరువాతి పరిశోధనలలో, తల్లినుండియో తండ్రినుండియో యొక్కపాలు పొందిన బిడ్డలకు ప్రాణాంతకమగు మలేరియానుండి దాదాపు 90 శాతము రక్షణ గలదని తేలెను.

జాతిమాట యేమయ్యెను? అదే గుణము గ్రీసుదేశమునను, 1952లో మన నీలగిరి కొండవాసులలోను గనబడెను. మలేరియా చిరకాలము తిరిగిన త్రోవలే గాని చర్మపు రంగు దానికి గుఱుతు గాదు.

మన మన్యపు గూడెములలోను నిది గలదు. బిడ్డ మంచమెక్కినంతనే కోడలి నెత్తుటిని నిందించు అత్తగారు లిది వినవలెను: ఆ రోగమున తండ్రిపాలు తల్లిపాలితో సమానము. ఇరువురును గుణవాహకులైనచో ప్రతి కాన్పునను నాల్గింట నొకవంతు అపాయము గలదు. రెండుపాళ్లును పొందిన బిడ్డకో, రోగమే గాక, మలేరియా సోకినచో మఱింత ప్రమాదము. ఇంట నొక్కటే దోమతెర యున్నచో మొదట వానికే కట్టవలెను.