తార్నాకలో టూలెట్ బోర్డు

అచ్చంపేట డిపో ఎక్స్‌ప్రెస్ హాజీపూర్ చౌరస్తాలో శ్రీశైలం హైవే ఎక్కేసరికి ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కిటికీ దగ్గర మీ అమ్మ, పక్కన మీరు. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి రెండు జీరో టికెట్లు కొట్టిచ్చాడు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఈ బస్సులో ఆడవాళ్లకు చార్జీ లేదు. డిండి దగ్గర ప్రాజెక్టు నీళ్లు కనిపించగానే అమ్మ దండం పెట్టుకుంది. వెల్దండ, ఆమనగల్లు, కడ్తాల్. తుక్కుగూడ దాటాక ఇక అన్నీ ఇళ్లే.

అచ్చంపేటకు రైలు లేదు. మనకున్నది బస్సే. అందుకే సిటీలో కిరాయికి ఇల్లు వెతికేటప్పుడు మన పిల్లలు ముందు చూసుకోవాల్సింది హాలు సైజు కాదు, ఇమ్లీబన్ బస్టాండ్ నుంచి ఆ గడపకు ఎంత సేపు పడుతుందన్నది. రాత్రి ఊరి నుంచి ఫోన్ వస్తే పొద్దున మొదటి బస్సు అందుకోగలగాలి. మీరు తార్నాక అనుకున్నది అందుకే.

ఇమ్లీబన్‌లో దిగితే పక్కనే ఎంజీబీఎస్ మెట్రో. ఎస్కలేటర్ ముందు అమ్మ ఆగిపోయింది. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో మీ మణికట్టు గట్టిగా పట్టుకుని కాలు పెట్టింది. గ్రీన్ లైన్‌లో పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, అక్కడ నాగోల్ వైపు రైలు మారాలి. సికింద్రాబాద్ ఈస్ట్, మెట్టుగూడ, ఆ తర్వాత తార్నాక. రేపు మీ ఆఫీసు హైటెక్ సిటీలో. ఇదే బ్లూ లైన్ అటు రాయదుర్గం దాకా పోతుంది కాబట్టి మళ్లీ రైలు మారే పనుండదు.

మెట్లు దిగగానే ఉప్పల్ రోడ్డు హారన్ల మోత. ఒక్క సందు లోపలికి తిరిగితే చాలు, ఆ మోత సగం తగ్గుతుంది. రెండు పక్కలా వేప, కానుగ. ఫుట్‌పాత్ నిండా రాలిన కానుగ పూలు కాళ్ల కింద మెత్తగా నలుగుతున్నాయి. ఎండకు కొంగు నెత్తిన కప్పుకున్న అమ్మ దాన్ని భుజం మీదికి దించింది.

ఈ నీడ దానంతట అది మిగల్లేదు. ఒక పక్క వెయ్యి ఎకరాలకు పైగా ఉస్మానియా క్యాంపస్. ఇంకో పక్క సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ ఆవరణలు. లాలాగూడ, మెట్టుగూడల్లో రైల్వే కాలనీలు. ఆ ప్రహరీల లోపలి భూమి ప్లాట్లు కాకపోబట్టే ఈ చెట్లున్నాయి. తార్నాకలో కిరాయి కట్టే ప్రతి మనిషికీ ఆ క్యాంపస్ భూముల మీద పట్టింపు ఉండాలని నా నమ్మకం.

మొదటి బోర్డు మీద ‘పెంట్‌హౌస్’ అని ఉంది. నాలుగంతస్తులు ఎక్కి చూస్తే డాబా మీద రేకుల గది. ఏప్రిల్, మే నెలల్లో అందులో మనిషి ఉండలేడు. కిరాయి ఎంత తక్కువైనా తీసుకోకండి.

రెండో ఇంట్లో ఓనరమ్మ మంచినీళ్లిచ్చింది. “ఏ ఊరు బిడ్డా?” అంది. అచ్చంపేట అని చెప్పారు. “శ్రీశైలం పోయే తొవ్వల గదా! మరి మీరేమిటోళ్లు?” అమ్మ చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. మీరు జీతం చెప్పారు, ఆఫీసు పేరు చెప్పారు. ఆమె మళ్లీ అదే అడిగింది. మీరు లేచారు. లేవడమే సరైన పని.

మూడోది ఒక వెనక పోర్షన్, మొదటి అంతస్తు. ఒక బెడ్రూం, చిన్న వంటిల్లు, కిటికీకి అడ్డంగా వేపకొమ్మ. కిరాయి పన్నెండు వేలు, మెయింటెనెన్స్ వేరే. “గింత ఇంటికి గంత కిరాయా? గా పైసలతోని అచ్చంపేటల ఇల్లు మొత్తం ఒస్తది” అని అమ్మ గొణిగింది. ఆ తర్వాత పనిలో దిగింది. బాత్రూం గోడకు అరచెయ్యి ఆనించి చెమ్మ చూసింది. తలుపు వేసి డ్రైనేజీ వాసన పట్టింది. నల్లా తిప్పి ధార సన్నబడే దాకా వదిలింది. కిందికి దిగి సంపు మూత ఎత్తించి లోపలికి తొంగి చూసింది.

“అక్కా, మంచినీళ్లు ఎన్ని దినాలకోసారి ఇడుస్తరు?”

“దినం తప్పి దినం ఒస్తయి చెల్లె. ఎండకాలం బోరు గుంజకపోతే ట్యాంకర్ తెప్పిస్తం.”

“ట్యాంకర్ పైసలు ఎవలియి?”

“అందరం పంచుకుంటం.”

ఈ ఒక్క మాట ముందే తేల్చుకోక మే నెలలో కొట్లాడుకునే ఇళ్లు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి.

మీరు అడగాల్సింది కరెంటు మీటరు. మూడు పోర్షన్లకు ఒకటే మీటరు పెట్టి, బిల్లు పంచే ఓనర్లు ఉంటారు. అందరి యూనిట్లూ కలిసి పై స్లాబులోకి పోతాయి, తక్కువ వాడిన మనిషి కూడా ఎక్కువ రేటు కట్టాలి. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద కిరాయిదారుకైనా 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. దానికి రేషన్ కార్డు ఉండాలి. మీ కార్డు ఊరి మీటరుకు ముడిపడి ఉంది కాబట్టి ఇక్కడ ఆ ఆశ లేదు. అయినా మీటరు విడిగా ఉండాల్సిందే. మెట్ల కింద మూడు మీటర్లున్నాయి. మీ పోర్షన్‌ది ఏదో అడిగి, రీడింగుతో సహా ఫోటో తీసుకున్నారు.

అగ్రిమెంట్ పదకొండు నెలలకు అంది ఓనరమ్మ. ఏడాది దాటిన లీజును 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి, అందుకని అందరూ పదకొండుకే రాస్తారు. అడ్వాన్సు రెండు నెలలు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా కిరాయి చట్టం కూడా రెండు నెలలు దాటొద్దనే చెప్పింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయమన్నారు మీరు. ఆమె ఒక్క క్షణం చూసి, సరే రాద్దాం అంది. కులం అడగలేదు. “రాత్రి ఆఫీసు నుంచి ఎన్నింటికొస్తవ్ బిడ్డా? గేటు తాళం ఒకటి నీ దగ్గర పెట్టుకో” అంది.

ఇదే ఉప్పల్ దాటి లోపలికి పోతే ఇంతే కిరాయికి ఇంకో గది దొరికేది. కానీ పొద్దున, రాత్రి షేర్ ఆటో కోసం నిలబడే సమయాన్ని కూడా కిరాయిలో కలిపి లెక్కేయాలి. చెట్ల కింద నడిచి స్టేషన్ చేరగలిగే చిన్న ఇల్లే మన పిల్లలకు లాభం. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

టోకెన్ ఇచ్చి, అమ్మను మళ్లీ ఇమ్లీబన్‌లో అచ్చంపేట బస్సెక్కించారు. బస్సు కదిలే దాకా అమ్మ కిటికీలోంచి సంపు మూత గురించే చెప్పింది. వానాకాలానికి ముందే దానికి గొళ్లెం పెట్టించాలట.

తార్నాక, హబ్సిగూడ, మెట్టుగూడ ఇంటి ఓనర్లకు ఒక మనవి. నల్లమల అంచు నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చిన పిల్ల మీ గేటు ముందు నిలబడితే జీతం అడగండి, ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్ నంబరు అడగండి, అగ్రిమెంట్ మీద సంతకం అడగండి. కులం మాత్రం అడగకండి.