ఎర్ర ఒళ్లు, నల్ల ఒళ్లు: పోలిక గల సీతాకోకచిలుకలను వేరుపరచిన చరిత్ర

స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో వెలువరించిన ‘సిస్టెమా నేచురే’ పదవ కూర్పులో, నేడు కామన్ మార్మన్ అని పిలుస్తున్న సీతాకోకచిలుకకు ఒకటికి రెండు పేర్లు పడ్డాయి. వెనుకరెక్కకు అడ్డంగా తెల్లని మచ్చల వరుస ఉన్న నల్లని మగదాన్ని పాపిలియో పమ్మోన్ అనీ, వెనుకరెక్క నడుమ తెల్లని మచ్చలు, అంచున ఎర్రని చుక్కలు ఉన్న ఆడదాన్ని పాపిలియో పాలిటీస్ అనీ ఆయన వేర్వేరుగా నమోదు చేశాడు. 1775లో డచ్చి వర్తకుడు పీటర్ క్రామర్ తన రంగుల చిత్రాల గ్రంథంలో ఇదే జాతికి చెందిన ఇంకో తరహా ఆడదానికి రోములస్ అని పేరు పెట్టాడు. ఒకే తల్లి గుడ్ల నుంచి పుట్టగల కీటకాలు ఇలా మూడు జాతులుగా గ్రంథాలకెక్కడాన్ని ఆ పండితుల అజాగ్రత్తగా భావించడం న్యాయం కాదు. ఐరోపాలో వారి చేతికి అందినవి సూది గుచ్చి ఆరబెట్టిన దేహాలే. అవి దొరికిన చోటు గురించి కూడా ‘ఆసియా’, ‘ఇండియా’ అన్నంతకు మించి తెలిసేది తక్కువ. ఆ పురుగు ఏ ఆకు తిని పెరిగిందో, దేనితో జతకట్టిందో చెప్పగల ఆధారమేదీ ఓడలో వచ్చిన పెట్టెలో ఉండేది కాదు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. రోములస్ రూపం, లిన్నేయసే హెక్టర్ అని పేరు పెట్టిన క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఉంటుంది. పాలిటీస్ రూపం, 1775లో ఫాబ్రీసియస్ వర్ణించిన కామన్ రోజ్‌ను పోలి ఉంటుంది. ఈ రెండు రోజ్ జాతుల గొంగళిపురుగులు ఈశ్వరి తీగ, దాని జ్ఞాతి మొక్కల ఆకులు తిని, వాటిలోని విషపదార్థాలను ఒంట్లో నిలుపుకుంటాయి కనుక, ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ వాటి జోలికి పోదు. మార్మన్ గొంగళిపురుగులు పెరిగేది నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు చెట్ల మీద. వాటికి అలాంటి విషం లేదు. విషం లేని జీవి విషం ఉన్నదాని వేషంతో శత్రువు నుంచి తప్పించుకోవడాన్ని అనుకరణ అంటారు. అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు గడిపి వచ్చిన హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించగా, మలయ ద్వీపాల నుంచి తిరిగి వచ్చిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1865లో అచ్చయిన తన వ్యాసంలో, ఈ పాపిలియోల ఆడవి ఒకే జాతిలో పలు రూపాలు ధరిస్తాయనీ, వాటిలో కొన్ని రోజ్ జాతులకు అనుకరణలనీ వివరించాడు.

వేషం రెక్కలకే పరిమితమైంది, ఒంటి దాకా రాలేదు. క్రిమ్సన్ రోజ్‌కు తల, పొట్ట చిక్కని ఎరుపు. కామన్ రోజ్‌కూ తలమీదా పొట్టమీదా ఎరుపు స్పష్టంగా కనబడుతుంది. మార్మన్ ఆడది రెక్కలపై ఎంత ఎరుపు పులుముకున్నా, దాని ఒళ్లు నల్లగానే ఉంటుంది. రెక్కల అందానికి లోబడిన చూపు ఈ సంగతిని తేలిగ్గా దాటేస్తుంది.

అయినా పోలికలను బట్టి చేసిన ఊహ రుజువు కాదు. రుజువు పెంపకంలోనే దొరికింది. కలకత్తాలో లయనెల్ డి నిసెవిల్ గోధుమరంగు సాటిరిన్ సీతాకోకచిలుకలను గుడ్డు నుంచి పెంచి, వానకాలంలో పెద్ద కన్నుమచ్చలతోనూ ఎండకాలంలో ఆ మచ్చలు దాదాపు మాసిపోయీ కనబడే రూపాలు ఒకే జాతివని 1886లో చూపాడు. సింహళంలో జె.సి.ఎఫ్. ఫ్రయర్ మార్మన్లను తరతరాలుగా జతకట్టించి పెంచి, పలు రకాల ఆడవి ఒకే కుటుంబంలో పుట్టగలవనీ, మగదాని ద్వారా కూడా ఆ రూపాలు సంతానానికి సంక్రమిస్తాయనీ 1913లో వెల్లడించాడు. ఆ రూపభేదాన్ని నడిపేది డబుల్‌సెక్స్ అనే జన్యువని కృష్ణమేఘ్ కుంటె, ఆయన సహచరులు 2014లో తేల్చారు. ఫ్రయర్ కృషికి దక్కవలసినంత కీర్తి దక్కలేదు. పంజరంలో ఆకులు మార్చుతూ తరాల లెక్క రాసుకున్న ఆ ఓపికే తరువాతి పనికంతటికీ పునాది.

ఇంతలో సైనికాధికారి డబ్ల్యు.హెచ్. ఇవాన్స్ 1927లో ‘భారతీయ సీతాకోకచిలుకల గుర్తింపు’ అనే గ్రంథం ప్రచురించాడు. ఒక్కో లక్షణం ఉందా లేదా అని వరుసగా ప్రశ్నిస్తూ జాతి పేరు దగ్గరకు చేర్చే పట్టికను ‘కీ’ అంటారు. ఆ గ్రంథం నిండా ఇవే. అయితే ఆ ప్రశ్నలు వలలో పట్టి, చంపి, రెక్కలు విప్పి పెట్టిన కీటకాన్ని ఉద్దేశించినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలోకి క్రమంగా పలు సీతాకోకచిలుకలు చేరడం, ఆపై డిజిటల్ కెమెరా సామాన్యుల చేతికి రావడం వల్ల వల స్థానాన్ని ఫొటో ఆక్రమించింది. 2008లో ఐజాక్ కెహిమ్‌కర్ ఫొటోలతో వెలువరించిన పుస్తకం ఈ మార్పుకు మంచి సాక్ష్యం.

ఎండిన నమూనా ఇవ్వలేనిదాన్ని ఫొటో ఇస్తుంది. ఎర్రచుక్కల నల్ల సీతాకోకచిలుక పెరటి కరివేపాకు మీద పొట్ట వంచి గుడ్డు పెడుతున్న చిత్రం దొరికితే, ఒంటి రంగు నీడలో పడినా అది మార్మనే అని చెప్పవచ్చు. మరోవైపు, కొన్ని భేదాలు కెమెరాకు అందనే అందవు. ఐరోపాలో ఒకే జాతి అనుకున్న వుడ్ వైట్ సీతాకోకచిలుకలో జననాంగాల కొలతలను బట్టి 1980లలో రెండు జాతులు, జన్యు పరీక్షను బట్టి 2011లో మూడు జాతులు ఉన్నట్లు బయటపడింది. రెక్కల మీద వాటిని నమ్మకంగా విడదీసే గుర్తు లేదు.

తెలుగునేల మీద ఎక్కడ చూసినా కనిపించే పచ్చని గ్రాస్ ఎల్లోలు ఈ రెండింటికీ నడిమి స్థితిలో ఉన్నాయి. ముందురెక్క అడుగుభాగాన, మొదలు దగ్గర నరాల మధ్య మూసుకుని ఉండే గదిని సెల్ అంటారు. అందులో సాధారణంగా కామన్ గ్రాస్ ఎల్లోకు రెండు, త్రీ-స్పాట్ గ్రాస్ ఎల్లోకు మూడు మచ్చలు ఉంటాయి. ఇవి రెక్కలు మూసుకునే వాలుతాయి కనుక అడుగుభాగం చిత్రానికి సులభంగానే దొరుకుతుంది, కానీ ముందురెక్క కాస్త వెనుకరెక్క చాటుకు జారితే సరిగ్గా ఆ సెల్లే కప్పబడిపోతుంది. అలాంటి చిత్రాన్ని తేదీ, స్థలం రాసి, యూరిమా అనే ప్రజాతి పేరు వరకే నమోదు చేయడం జాగ్రత్త గల పరిశీలకుల పద్ధతి.