అందరును వ్రాయు గ్రంథమునకు కావలి యెవరు?

నీటి తగవైనను, గట్టు తగవైనను మన పల్లెలలో పూర్వము రచ్చబండ కడకు రావలసినదే. పెద్దలు ఇరువాదములను వినిన పిమ్మటనే మాట తేలెడిది. ఆ రచ్చబండ పేరే నేడు మరియొక సభకు వచ్చినది. అది తెలుగు వికీపీడియా వారి చర్చావేదిక. అచ్చట వాదించువారిలో అనేకులు ఒకరి మొగమొకరు ఎరుగరు.

తెలుగున విజ్ఞానసర్వస్వము వెలయవలెనను కోరిక క్రొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆ మహాకార్యమునకు పూనుకొని, అది ముగియక మునుపే 1923లో కీర్తిశేషులైరి. అది యొక్కరు మోయగల బరువు కాదు. 2001 జనవరిలో ఆంగ్లమున వెలసిన వికీపీడియా ఆ బరువును అందరికిని పంచినది. చదువువాడే వ్రాయవచ్చును, దిద్దవచ్చును. దానిని నడపు మీడియావికీ యను సాఫ్ట్‌వేరు సైతము అట్టిదే. దాని మూలమును ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును. 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికతో తెలుగు వికీపీడియా ఆరంభమైనది.

తలుపులు తెరచిన యింటికి కావలి యెట్లు? అందులకు కట్టుబాట్లు కలవు. ప్రతి మార్పును చరిత్రలో నిలిచియుండును. చెరిపినదానిని తిరిగి నిలుపవచ్చును. వ్రాసిన మాటకు ఆధారము చూపవలెను. అభిప్రాయభేదము కలిగినచో చర్చించి తేల్చుకొనవలెను. సభ్యులు ఎన్నుకొనిన నిర్వాహకులు పుటకు తాళము వేయగలరు, అల్లరి చేయువానిని నిరోధింపగలరు. కాని విషయనిర్ణయమున వారి మాటకు తక్కినవారి మాటకంటె ఎక్కువ తూకము లేదు. ఈ యేర్పాటునకు ప్రాణమిదియే.

అన్నవరమును ఉదాహరణముగా గైకొందము. మేరువు కుమారుడైన రత్నాకరుడు తపస్సు చేసి రత్నగిరి యైనాడని స్థలపురాణము. సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ 1891లో, ఖరనామ సంవత్సర శ్రావణమున జరిగినదని చరిత్ర. భక్తుడొకడు పురాణమును చరిత్రగా వ్రాసెననుకొందము. చరిత్రాభిమాని దానిని పూర్తిగా తుడిచివేసెననుకొందము. ఇరువురికిని ఆ క్షేత్రముపై ప్రేమయే. పురాణమును పురాణముగా, చరిత్రను చరిత్రగా వేరు శీర్షికల క్రింద నిలుపుటయే మధ్యస్థుని పని. మరల 2022 ఏప్రిల్ 4న రాష్ట్రమున 13 జిల్లాలు 26 అయినవి; అన్నవరము తూర్పు గోదావరిని వీడి కాకినాడ జిల్లాలో చేరినది. ఇట్టి మార్పు వచ్చినప్పుడు వేలకొలది గ్రామముల పుటలను ఎవరో యొకరు కూర్చుండి సరిచేయవలసినదే. వారికి జీతము లేదు.

2010 ప్రాంతమున యంత్రసహాయముతో అనువదించిన వ్యాసములు పలు భారతీయ భాషలలోనికి వచ్చిపడినవి. వంగ సమాజము వానిని నిరాకరించినది; తమిళ సమాజము లోపములను ఎత్తిచూపి వాదించినది. సంఖ్య పెరుగుట వేరు, విజ్ఞానము పెరుగుట వేరు. యంత్రము క్షణములో వ్రాసినదానిని మనుష్యుడు దినములకొలది దిద్దవలసివచ్చును. నేడు యంత్రములు మరింత చురుకైనవి గనుక ఆ భారము తగ్గలేదు.

కావలివారికి మరియొక పరీక్ష కలదు. క్రొత్తవాని తప్పును తుడుచుట సులభము; వానిని నిలుపుకొనుట కష్టము. పరుషమైన మాట యొక్కటి చాలును, వాడు మరల రాడు. తప్పును తొలగించుచు, ఏల తొలగించితిమో రెండు వాక్యములలో చెప్పిన కావలివాడే సమాజమును పెంచును. ఊరి పెద్దలకు మనము గౌరవమిచ్చినది కఱ్ఱను జూచి గాదు, వారి ఓర్పును జూచియే గదా!