పొణికి, అంకుడు

సంక్రాంతి కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగునూ ఏటికొప్పాక లక్కపిడతలనూ పక్కపక్కనే పెడతాం. చూసేవాళ్లకు రెండూ కొయ్యబొమ్మలే. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ బతికినదాన్ని, నాకు మాత్రం వాటిలో రెండు చెట్లు కనిపిస్తాయి.

కొండపల్లిది తెల్లపొణికి. జివోషియా ప్రజాతి, ఆముదం కుటుంబం. మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఆకురాల్చే అడవుల్లో, రాతిగుట్టల మీద పెరుగుతుంది. కర్ర మెత్తన, బరువే ఉండదు. సెగ చూపించి తేమ పోగొట్టి, చేయి, కాలు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దశావతారాలూ తాడిచెట్టెక్కే గీతకార్మికుడూ అలా పుట్టినవే. నిర్మల్ బొమ్మలకూ ఇదే కర్ర.

ఏటికొప్పాకది అంకుడు, అంటే రైటియా టింక్టోరియా. గన్నేరు కుటుంబం, ఆకు తుంచితే పాలు కారతాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో దీన్ని లేత్ మీద తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టు ఆకుల నుంచే నీలిమందు తీయవచ్చని రాశాడు. బొమ్మకు కర్రనిచ్చే చెట్టులో రంగు కూడా ఉందన్న సంగతి నాకెప్పుడూ ముచ్చటే. తర్వాతి కాలంలో రసాయన రంగులు వచ్చిపడితే, సహజ రంగులను మళ్లీ నిలబెట్టినవారు సి.వి.రాజు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అంకుడుకు ప్రస్తుతం పెద్ద ముప్పు లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దాన్ని తక్కువ ఆందోళన కోవలో చేర్చింది. నరికినా మోడు నుంచి చిగురిస్తుంది, వేళ్ల నుంచీ పిలకలు వేస్తుంది. పొణికి కథ వేరు. గింజ పెంకు గట్టిది, మొలకెత్తేవి తక్కువ. ఒకప్పుడు ఊరి వెనక కొండల్లోనే దొరికిన కర్ర ఇప్పుడు అక్కడ పలచబడిపోయింది. కొండపల్లి కష్టమంతా అమ్మకాలదేనని అనుకుంటారు. నన్నడిగితే మొదటి కష్టం కర్రది. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఇచ్చి ఊరుకుంటే చాలదు. అటవీశాఖ పొణికి నారు పెంచి ఆ కొండల మీదే నాటించాలి, నాటినవాటిని బొమ్మలవారి చేతికి అప్పగించి కాపాడించాలి.