సైనిక దుస్తులు, చీరపేలు, ఉతికే చేతులు

గరిడేపల్లి చుట్టుపక్కల పొలాల్లో సైనిక దుస్తులను పోలిన ఆకుపచ్చ మచ్చల ప్యాంట్లు, చొక్కాలు ధరించి పని చేసేవారిని మీరు చూసే ఉంటారు. వాటి ధర తక్కువ, మన్నిక ఎక్కువ, పైగా మరక కనిపించదు. ఈ మూడవ గుణమే వైద్యునిగా నన్ను ఆలోచింపజేస్తున్నది. మరక కంటికి ఆననంత మాత్రాన బట్ట శుభ్రమైనట్లు కాదు.

1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ నెలకొల్పిన గైడ్స్ దళంతో ఖాకీ సైన్యంలోకి వచ్చింది. పారశీకంలో ‘ఖాక్’ అంటే దుమ్ము. మట్టిలో కలిసిపోయే ఆ రంగు సైనికుణ్ణి శత్రువు కంటి నుండి దాచగలిగింది. అయితే మరొక శత్రువు ఆ బట్ట కుట్లలోనే కాపురముండేది. అదే చీరపేను.

ఈ పేరు పెట్టిన మన పూర్వుల పరిశీలన మెచ్చదగినది. పూర్వం ‘చీర’ అంటే వస్త్రమేదైనా కావచ్చు. తలపేను జుట్టును ఆశ్రయిస్తే, చీరపేను బట్టనే ఆశ్రయిస్తుంది. కుట్లలో గుడ్లు పెట్టి, రక్తం పీల్చడానికి మాత్రమే శరీరం మీదికి వస్తుంది. టైఫస్, ట్రెంచ్ జ్వరం దీని ద్వారానే వ్యాపిస్తాయి. టైఫస్ వేరు, మనకు తెలిసిన టైఫాయిడ్ వేరు.

1909లో ట్యూనిస్ నగరంలో చార్లెస్ నికోల్ అనే వైద్యుడు ఒక వింతను గమనించాడు. టైఫస్ రోగుల వల్ల ఆసుపత్రి ద్వారం దాకా ఇతరులకు జబ్బు సోకుతున్నది. వారి బట్టలను పట్టుకున్నవారికీ, ఉతికినవారికీ సోకుతున్నది. స్నానం చేయించి, ఆసుపత్రి దుస్తులు తొడిగి లోపలికి పంపిన తరువాత మాత్రం ఎవరికీ సోకడం లేదు. అంటే ప్రమాదం విప్పేసిన బట్టలలో ఉన్నది. పేనే వాహకమని ఆయన ప్రయోగాలతో నిరూపించి, 1928లో నోబెల్ బహుమతి పొందాడు.

1915లో సెర్బియాలో టైఫస్ చెలరేగి, సుమారు లక్షన్నర మందిని బలిగొన్నదని అంచనా. అక్కడికి వెళ్ళిన బ్రిటిష్ సైనిక వైద్య బృందం ఒక సులభమైన ఉపాయం చేసింది. అడుగున రంధ్రాలున్న పీపాలో బట్టలు వేసి, మూత బిగించి, మరిగే నీళ్ళ కాగు మీద నిలిపింది. ఆవిరికి పేలతో పాటు వాటి గుడ్లూ నశించాయి.

ఇది చదువుతుంటే మీకు మన చాకిరేవు గుర్తుకు రావడం లేదా? చౌడు నీళ్ళలో తడిపిన బట్టలను బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఉబ్బకు వేసేవారు. ఆ ఆవిరి కూడా కుట్లలోకి చొచ్చుకుపోయేది. సుమారు 54 డిగ్రీల వేడికే చీరపేలు, వాటి గుడ్లు చనిపోతాయని నేటి వైద్యం చెబుతున్నది. ఉబ్బ ఆవిరి వేడి అంతకు ఎంతో ఎక్కువ. ఊరి ఆరోగ్యాన్ని కాపాడిన ఆ పనిని నిజాం రాజ్యంలో దొరలు వెట్టిగా చేయించుకున్నారు. రోగుల బట్టలు పట్టుకున్న ఆ చేతుల క్షేమాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఉబ్బ స్థానాన్ని డీడీటీ పొడి ఆక్రమించింది. 1943–44 చలికాలంలో నేపుల్స్ నగరంలో లక్షలాది మంది దుస్తులలో దానిని చల్లి టైఫస్‌ను అదుపు చేశారు. కొరియా యుద్ధం నాటికే పేలు ఆ మందుకు లొంగడం మానేశాయి. అదే డీడీటీ పొలాలకూ చేరింది. 1989లో మన దేశం వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించింది. అయితే దాని వెనుక వచ్చిన పురుగుమందులు ఇప్పటికీ మన పొలాల్లో ఉన్నాయి.

కనుక నేడు మన బట్టలలో దాగినది పేను కాదు, పురుగుమందు. మందు కొట్టి తల తిరుగుతున్నదంటూ వచ్చిన రైతుకు మేము ముందుగా చేసే పనులలో ఒకటి తడిసిన బట్టలు విప్పించి, ఒళ్ళు కడిగించడం. నికోల్ చూసిన ఆసుపత్రి ద్వారం కథే ఇది. మరి ఆ విప్పిన బట్టలు ఎవరి చేతికి పోతున్నాయి? ఇంట్లో ఇల్లాలి చేతికి, ఆమె కడుపుతో ఉన్నప్పటికీ!

అందుచేత ఈ జాగ్రత్తలు పాటించండి. మందు కొట్టిన బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలపకండి. రబ్బరు తొడుగులు వేసుకుని, అదే రోజు, ముందు నీళ్ళలో జాడించి, ఆపై వేడినీళ్ళలో సబ్బుపొడితో ఉతకండి. అవసరమైతే రెండవసారి ఉతికి, ఎండలో ఆరవేయండి. ఆ నీటిని బావిలోకీ, కాలువలోకీ పోనీయకండి. నీరు కలపని చిక్కటి మందు ఒలికి నానిన బట్టను ఉతకకుండా పారవేయండి. గర్భిణులను, పిల్లలను ఈ పనికి దూరంగా ఉంచండి. చెమట మాత్రమే పట్టిన యూనిఫాం అయితే, రంగు వెలవకుండా తిరగదీసి ఉతికి, నీడన ఆరవేస్తే చాలు.

మరక కనిపించని బట్టను ధరించేవారు, దానిని ఉతికే చేతులను గుర్తుంచుకోవాలని నా మనవి.